గుడ్డు లేని కేక్ కుంగిపోకుండా

దసరాకి విజయవాడలోని మా చిన్న లాడ్జిలో దిగేవాళ్లంతా దాదాపు ఇంద్రకీలాద్రి దర్శనానికి వచ్చినవాళ్లే. ఎర్రబట్టల్లో భవానీలూ ఉంటారు. అందుకే ఆ రోజుల్లో మా వంటింట్లోకి గుడ్డు రానివ్వం. మూలా నక్షత్రం నాడు మాత్రం అందరికీ బెల్లం కేక్ పెట్టాలని నా ఆశ.

పెరుగు వేసి చేస్తే మొదటి వాయి బాగానే వచ్చేది. రెండోది పొంగినట్టే పొంగి మధ్యలో గుంట పడేది, కోస్తే లోపల తడిముద్ద. భలే టెన్షన్!

అసలు సంగతి వంటసోడాది. పెరుగులో పులుపు తగలగానే అది నురగ కడుతుంది. కేక్‌ని లేపేది ఆ బుడగలే. కలిపిన పిండి ఓవెన్ ఖాళీ అయ్యేదాకా బయటే ఉంటే ఆ బలం కాస్తా పోతుంది.

ఇప్పుడు మైదా, సోడా ఒక గిన్నెలో, పెరుగు, బెల్లంపాకం, నూనె ఇంకో గిన్నెలో ఉంచుతాను. కప్పు పెరుగుకి అర టీస్పూన్ సోడా చాలు, ఎక్కువైతే సబ్బు వాసన. ఓవెన్ 180 డిగ్రీలకి వేడెక్కాకే రెండూ కలిపి వెంటనే లోపల పెడతాను. పెద్ద అచ్చు మానేసి చిన్న కప్పుల్లో పోస్తున్నాను, నడిమి భాగం కూడా చక్కగా ఉడుకుతోంది. పాకం గోరువెచ్చగా ఉంటే చాలు, వేడిగా పోస్తే పెరుగు విరిగిపోతుంది.