మొక్కల అక్వేరియంలో నత్తల బెడద తగ్గించుకోవడం ఎలా?

ముందే చెప్పేస్తున్నా, నత్తల మందు జోలికి పోవద్దు. అలాంటి మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. ట్యాంకులో రొయ్యలుంటే నత్తలతో పాటు అవీ పోతాయి. పోనీ మందు బాగానే పనిచేసిందనుకోండి, వందల నత్తలు ఒకేసారి చచ్చి ఇసుకలో కుళ్లుతాయి, అమ్మోనియా పెరుగుతుంది, చేపలు పోతాయి. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

కావలసినవి: కీరదోస ముక్క, అరచేతిలో పట్టే గాజు గిన్నె, స్టీల్ ఫోర్కు, చిన్న టార్చి. ఇంతకుమించి ఏదీ కొనక్కర్లేదు.

మీ ట్యాంకులో ఉన్నది ఏ నత్తో చూసుకోండి. పల్చటి పెంకుతో నీటిబొట్టులా ఉండేది బ్లాడర్ నత్త. పొట్టేలు కొమ్ములా చుట్టలు తిరిగి ఉండేది రామ్స్‌హార్న్. ఈ రెండూ ఆకుల మీద, అద్దం మీద గుడ్లు పెడతాయి. అనూబియాస్ లాంటి నీటిమొక్క ఆకు తిప్పి చూడండి. చిటికెన వేలి గోరంత జెల్లీ ముద్ద, అందులో ఆవగింజ కన్నా చిన్న తెల్లచుక్కలు కనిపిస్తాయి. గోటితో గీకి పారేయండి. మొన తేలిన సన్నటి పెంకు ఉంటే అది మలేషియన్ ట్రంపెట్. పగలు ఇసుకలో దూరి ఉంటుంది, గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్నే కంటుంది, మగదాని తోడు కూడా అక్కర్లేదు. ఒక్కటే కదా అని వదిలేస్తే తర్వాత మీ ఇష్టం.

ఇక మేత తగ్గించండి. చేపలు రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి, వారానికి ఒకరోజు పస్తు పెట్టాలి. పిల్లచేపలకు తప్ప మిగతావాటికి ఏమీ కాదు. పండిపోయిన ఆకులు ఎప్పటికప్పుడు కత్తిరించేయాలి. నత్తలు పెరిగాయంటే మేత మిగులుతోందన్నమాట. ఇది మానకుండా ఎన్ని ఏరినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

అసలు తంటా ఎర దగ్గరే. కీర ముక్కను మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి చల్లార్చండి. ఫోర్కుకు గుచ్చితే బరువుకి మునుగుతుంది. దాన్ని గిన్నెలో పెట్టి, లైటు ఆర్పాక అడుగుకు దించండి. అందరూ ముక్కను నేరుగా ఇసుక మీద పడేస్తారు, పొద్దున్నే లటుక్కున లాగుతారు, సగం నత్తలు మళ్లీ ఇసుకలోకే రాలిపోతాయి. బ్లాడర్ నత్తయితే కాస్త కదిలిస్తే చాలు, పట్టు వదిలేస్తుంది. గిన్నె ఉంటే రాలినవన్నీ అందులోనే పడతాయి.

తీసేటప్పుడు ట్యాంకు లైటు వేయకండి. వెలుతురు పడితే ట్రంపెట్లు ఇసుకలోకి జారుకుంటాయి. టార్చిని పక్కకు తిప్పిపెట్టి, ఆ కొద్దిపాటి వెలుగులోనే ఒక చేత్తో గిన్నె అంచు పట్టుకోండి. రెండో అరచేతిని మూతలా పెట్టి, పది అంకెలు లెక్కపెట్టేంత నిదానంగా పైకి తేవాలి. తొందరపడితే ఆ నీటి ఊపుకే నత్తలు గిన్నె దాటి పోతాయి.

ముక్క మాత్రం తెల్లారేసరికి బయట ఉండాలి. ఒకసారి నేను ఎర వేసి, తీయడం మరిచి ఊరెళ్లాను. రెండోరోజు రాత్రి వచ్చి చూస్తే నీళ్లు కుడితిలా తెల్లగా ఉన్నాయి, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అప్పటికప్పుడు సగం నీళ్లు మార్చి గండం గట్టెక్కించాను.

రోజు విడిచి రోజు, మూడు వారాలు ఇలా చేయాలి. మీరు గీకకుండా వదిలేసిన గుడ్లు ఈలోపు పొదుగుతాయి, వారం ముందే ఆపేస్తే చేసిందంతా వృథా.

అసాసిన్ నత్తల్ని తెచ్చి వేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అవి మిగతా నత్తల్ని తింటాయి, నిజమే. మీరు ముచ్చటపడి తెచ్చుకున్న నత్తల్ని కూడా తింటాయి, ఆపైన అవే గుడ్లు పెట్టి పెరిగిపోతాయి. నత్తల్ని తినే క్లౌన్ లోచ్‌లంటారా, ఒక్కోటి అడుగు పొడవు దాకా పెరిగే చేప, పైగా గుంపుగా ఉంటేనే బాగుంటుంది. నత్తల కోసం ట్యాంకు మార్చుకుంటామా?

కొత్త మొక్కలు తెస్తే, లీటరు నీళ్లకు టీస్పూను పటిక పొడి కలిపి రెండు మూడు గంటలు నానబెట్టి బాగా కడగండి. గుడ్లు దీనికి లొంగుతాయని నమ్మకం పెట్టుకోకుండా, రెండు వారాలు వేరే బకెట్లో ఉంచి ఆకుల అడుగున చూస్తూ ఉండండి.

ఏరిన నత్తల్ని చెరువులోనో కాలవలోనో వదలొద్దు. కవర్లో మూటకట్టి ఒకరోజు ఫ్రీజర్లో ఉంచి చెత్తలో వేయండి. కవరు మీద పెద్ద అక్షరాలతో 'నత్తలు' అని రాయడం మరవకండి, మా ఇంట్లో ఒకసారి పెద్ద గొడవే అయింది.