కుక్కపిల్లకు ఒంటికీ రెంటికీ బయటకు వెళ్ళడం ఎలా నేర్పాలి?

8 వారాల పిల్ల ఇంట్లో మూత్రం పోస్తే అది మొండితనం కాదు. ఆపుకునే శక్తి దానికింకా రాలేదు. ఉజ్జాయింపుగా ఒక లెక్క ఉంది: వయసు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు ఆపుకోగలదు. 2 నెలల పిల్లయితే మహా అయితే 3 గంటలు. ఆడుతూ తిరుగుతున్నప్పుడు గంట కూడా ఆగకపోవచ్చు. అందుకే మొదటి కొన్ని వారాలు గడియారం చూసుకోవాల్సింది మనమే.

మొదట చోటు చూడండి

రోజూ అదే చోటికి, అదే దారిలో తీసుకెళ్ళండి. కాలి కింద ఎలాంటి నేల తగులుతుందో దాన్నిబట్టి పిల్లకు అలవాటు కుదురుతుంది. మట్టికి అలవాటుపడిన పిల్ల మట్టినే వెతుక్కుంటుంది. గుమ్మం దగ్గరి పట్టా మీద నాలుగుసార్లు పోసిందంటే, మెత్తగా తగిలే ప్రతి పట్టా దానికి పనికొచ్చే చోటే. ఇంట్లో కాగితాలు పరిచి నేర్పడం సులువే కానీ, తర్వాత బయటకు మార్చాలంటే మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. వీలుంటే నేరుగా బయటే మొదలుపెట్టండి. టీకాలు పూర్తయ్యేవరకు మాత్రం ఇతర కుక్కలు తిరిగే చోటు వద్దు, కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. పెరడు గానీ, గడ్డి పరిచిన ట్రే గానీ చాలు.

వేళలు

నిద్ర లేచిన వెంటనే, తిన్నాక 5 నుంచి 30 నిమిషాల లోపు, ఆట మధ్యలో ఒకసారి, ఆట ముగిశాక, రాత్రి పడుకునే ముందు. ఇవి తప్పనిసరి. మెలకువగా ఉన్నంతసేపూ వీటికి తోడు గంటకోసారి. తిండి రోజుకు 3–4 సార్లు, వేళ తప్పకుండా పెట్టండి. 15 నిమిషాలయ్యాక గిన్నె తీసేయండి. లోపలికి వెళ్ళే వేళ తెలిస్తే బయటికొచ్చే వేళ కూడా తెలుస్తుంది. నీళ్ళు మాత్రం పగలంతా అందుబాటులో ఉండాలి. రాత్రి ఒకటి రెండుసార్లు లేవక తప్పదు. అప్పుడు లైట్లు, మాటలు, ఆటలు వద్దు. పని కాగానే మళ్ళీ పడుకోబెట్టండి.

అక్కడికి వెళ్ళాక

మెడపట్టీకి తాడు కట్టి, ఆ చోట కదలకుండా నిలబడండి. అది మొదలుపెట్టగానే మెల్లగా ‘కానివ్వు’ అనండి. కొన్నాళ్ళకు ఆ మాట వినగానే పని కానిస్తుంది. ముగించిన రెండు సెకన్లలోపే, అక్కడే, బఠాణీ గింజంత ట్రీట్ (మెచ్చుకోలుగా పెట్టే చిరుతిండి) నోటికి అందించండి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే గుమ్మం దాటినందుకే ఇచ్చారనుకుంటుంది. పని కాగానే లోపలికి లాక్కురావద్దు. రెండు నిమిషాలు ఆడనివ్వండి. లేకపోతే ‘పోస్తే షికారు ముగిసిపోతుంది’ అని నేర్చుకుని ఆపుకుంటుంది.

5 నిమిషాలు చూసినా పోయలేదా? చాలామందికి ఇక్కడే తప్పుతుంది. లోపలికి తెచ్చి వదిలేస్తారు, అది వెంటనే నేల మీద పోస్తుంది. అలా వదలకుండా ఒళ్ళో పెట్టుకోండి, లేదా క్రేట్‌లో (కుక్క పడుకోవడానికి తలుపు ఉన్న బోను) ఉంచండి. 10 నిమిషాలాగి మళ్ళీ తీసుకెళ్ళండి.

ఇంట్లో ఉన్నప్పుడు

క్రేట్‌లో పిల్ల నిలబడి, తిరిగి, కాళ్ళు చాపి పడుకునేంత చోటుంటే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పోసి ఇంకో మూల పడుకుంటుంది. క్రేట్‌లో లేనప్పుడు కళ్ళముందే ఉండాలి. ఆట ఆపి నేల వాసన చూడటం, గుండ్రంగా తిరగడం, మూలకు నడవడం కనిపిస్తే వెంటనే ఎత్తుకుని బయటకు వెళ్ళండి.

పోస్తుండగా చూస్తే చప్పట్లు కొట్టి, ఎత్తుకుని బయట ముగించనివ్వండి. అయిపోయాక చూస్తే శుభ్రం చేయడమే. ముక్కు రుద్దడం, కొట్టడం, అరవడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మీ ఎదుట పోయకూడదని. ఇక మంచం కింద పోస్తుంది, బయట మీ ముందు పోయడానికీ జంకుతుంది. తుడవడానికి ఎంజైమ్ క్లీనర్ (మూత్రం వాసనను పూర్తిగా పోగొట్టే ద్రవం) వాడండి. అమ్మోనియా ఉన్నవి మూత్రం వాసనే వేసి అక్కడికే మళ్ళీ రప్పిస్తాయి.

‘కూర్చో’, పిలుపు, కొరుకుడు

ఒక్కో పాఠం 3–5 నిమిషాలే, రోజుకు మూడు నాలుగు సార్లు. ట్రీట్‌ను ముక్కు దగ్గర పెట్టి నెమ్మదిగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకెత్తితే నడుము దానంతటదే కిందికి దిగుతుంది. నేలకు ఆనగానే ఇవ్వండి. చెయ్యి మరీ ఎత్తుగా పెడితే ఎగురుతుంది. ఆ కదలిక కుదిరాకే ‘కూర్చో’ అనే మాట కలపండి. పేరు పెట్టి పిలిస్తే వచ్చిన ప్రతిసారీ మంచే జరగాలి. తిట్టడానికో, స్నానానికో పిలిస్తే ఆ పిలుపు పాడవుతుంది, అలాంటప్పుడు మీరే వెళ్ళి తెచ్చుకోండి. చేతులు కొరికితే ఆట ఆపేసి, అర నిమిషం పక్కకు తిరగండి. తర్వాత నమలడానికి బొమ్మ ఇవ్వండి.

ఎవరైనా వంగి పలకరిస్తే నాలుగు చుక్కలు కారడం బెదురు వల్ల. దాన్ని మందలించవద్దు, పక్కన కూర్చుని పలకరించమనండి. అలవాటు కుదిరిన పిల్ల హఠాత్తుగా మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తున్నా, మూత్రంలో రక్తం కనిపించినా శిక్షణ పక్కనపెట్టి పశువైద్యుడికి చూపించండి.