మీరు ఏ రకం ప్రోగ్రామరో తెలుసుకుని మెరుగుపడటం ఎలా?

అనంతపురం జేఎన్‌టీయూలో చదివినా, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ నుంచి వచ్చినా, కర్నూలు ట్రిపుల్ ఐటీలో చేసినా నేర్చుకునే కోడింగ్ ఇంచుమించు ఒకటే. ఉద్యోగంలో చేరాక మాత్రం ఎవరి తీరు వాళ్లదే. ఆ తీరేదో తెలిస్తే సగం పని అయినట్టే.

ముందు మీ కమిట్‌లు, అంటే కోడ్‌లో చేసిన మార్పుల్ని చిన్న నోట్‌తో సేవ్ చేసినవి, చదవండి. పర్సనాలిటీ టెస్టులు పక్కన పెట్టి, ఆ మార్పుల చిట్టా అయిన గిట్ లాగ్‌లో మీ గత నెల పని చూడండి. "ఫిక్స్", "మళ్లీ ఫిక్స్", "ఈసారి పక్కా" అని అరగంటలోనే వరుసగా కనిపిస్తే మీది తొందర. వారమంతా ఖాళీగా ఉండి శుక్రవారం సాయంత్రం వేల లైన్లు ఒక్కసారిగా పడితే, మీరు జక్కన్నలా చెక్కుతూ కూర్చునే రకం, లేదా ఇరుక్కుపోయినా నోరు విప్పని రకం. ఒకే మనిషిలో రెండు మూడు తీర్లు ఉండొచ్చు. ఎక్కువ నష్టం చేసేదాన్నే ముందు పట్టుకోండి.

తొందరపడేవాళ్లు ఎర్రర్ మెసేజ్ చివరిదాకా చదవాలి. కారణం ఏమనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఆ తప్పును పట్టిచ్చే టెస్ట్ రాసి, అది ఫెయిలవడం కళ్లారా చూశాకే కోడ్ ముట్టుకోవాలి. నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఆగిపోతే, తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో వెతికే గిట్ బైసెక్ట్ కమాండ్ వాడండి. ప్రతిసారీ సగం కమిట్‌లను పక్కన పెట్టేస్తుంది కాబట్టి, వెయ్యి కమిట్‌లలో దాగిన తప్పయినా దాదాపు 10 పరీక్షల్లో దొరుకుతుంది.

చెక్కేవాళ్ల సంగతి కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1974లోనే రాశారు: అవసరం రాకముందే వేగం కోసం పాకులాడటం అనర్థాలకు మూలమని. కీలకమైన 3 శాతం కోడ్‌ను మాత్రం వదలొద్దనీ అక్కడే అన్నారు. ఆ 3 శాతం ఎక్కడుందో, ఏ కోడ్ ఎంత సమయం తింటోందో చూపే ప్రొఫైలర్ నడిపి తేల్చుకోండి. మిగతాది పనిచేస్తుంటే రివ్యూకి పంపేయండి.

ఏఐ ఇచ్చింది అలాగే అతికించేవాళ్లకు ఒకటే నియమం: పక్కవాళ్లకు వివరించలేని లైను కమిట్ చేయొద్దు.

మొహమాటస్తుల గురించే నాకు ఎక్కువ బెంగ. మన పిల్లల్లో ఎంతో తెలివైనవాళ్లు కూడా ఇంగ్లీష్ తప్పు పోతుందనో, తెలియదంటే చులకనవుతామనో రెండు రోజులు ఒంటరిగా కొట్టుకుంటారు. అరగంట గడువు పెట్టుకోండి. దారి కనబడకపోతే అడగండి. "అన్నా, ఫ్రీనా?" అని మెసేజ్ పెట్టి ఎదురుచూస్తే పని కాదు. ఇలా రాయండి:

"అన్నా, లాగిన్‌లో ఓటీపీ కొట్టాక 401 వస్తోంది. టోకెన్ హెడర్‌లో వెళ్తోంది, చూశాను. నా మెషిన్‌లో బాగానే ఉంది, టెస్ట్ సర్వర్‌లోనే ఇలా. సర్వర్ టైమ్ తేడా ఉందేమోనని అనుమానం. ఎక్కడ చూడాలి?"

(401 అంటే మీరెవరో సర్వర్ ఒప్పుకోలేదని.) ఏం చేయబోయారు, ఏం జరిగింది, ఏం చూశారు, దేన్ని అనుమానిస్తున్నారు: నాలుగూ అందులో ఉన్నాయి. చాలాసార్లు ఇది రాస్తుండగానే జవాబు తట్టేస్తుంది. ఇంగ్లీష్‌లో రాక ఆగిపోతుంటే తెలుగులోనే అడగండి.

సీనియర్లకూ ఇందులో పని ఉంది. "ఏమైనా డౌట్లున్నాయా?" అంటే మొహమాటస్తులు "లేవన్నా" అనే అంటారు. పక్కన కూర్చుని "ఎక్కడిదాకా వచ్చింది, ఒకసారి నడిపి చూపించు" అనండి.