కథ వినడం నేర్చుకుందాం – మూడో పాఠం: పిట్టకథ

గత పాఠంలో హరికథ చెప్పే భాగవతార్ చేతి చిరతల దగ్గర, అంటే తాళానికి మోగించే చెక్కల దగ్గర ఆగాం. కీర్తనకు చిరతలు మోగుతాయి, పద్యానికి ఆగుతాయి, వచనం నడుస్తున్నప్పుడు చేతిలో ఊరికే ఉంటాయి. ఆ తేడా చెవికి పట్టుబడితే ఈ పాఠం తేలిక. ఇంకా వెళ్లనివాళ్లు ఇది చదివాకైనా ఒక హరికథకు వెళ్లండి. శ్రీరామనవమి పందిళ్లలో, దసరా నవరాత్రుల్లో, షష్ఠి తీర్థాల్లో గోదావరి జిల్లాల కమిటీవాళ్లు ఇప్పటికీ కథ పెట్టిస్తున్నారు. ఫోన్‌లో వీడియో చూసి ఈ పాఠం చేయడం మాత్రం కుదరదు. ఎందుకో చెబుతాను.

పిట్టకథ అంటే నడుస్తున్న పెద్దకథలోంచి పక్కకు వెళ్లి భాగవతార్ చెప్పే చిన్న ముచ్చట. జనం నవ్వేది అక్కడే. అందుకే వీడియోలు పెట్టేవాళ్లు ఆ ముక్కను కత్తిరించి ‘కామెడీ బిట్’ అని వదులుతారు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. కత్తిరించిన ముక్కలో నవ్వు మిగులుతుంది గానీ, ఆ ముచ్చట ఎక్కడినుంచి బయల్దేరిందో, ఎక్కడికి చేరిందో పోతుంది. పనితనమంతా ఆ రెండు చోట్లే ఉంది. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది కూడా అదే: కథ ఏ మాట దగ్గర పక్కకు తిరిగింది, మళ్లీ ఏ మాట దగ్గర కలిసింది.

ఉదాహరణకు కుచేలోపాఖ్యానం తీసుకోండి. ఈ పిట్టకథ పాఠం కోసం నేను అల్లినది.

కుచేలుడు ద్వారక చేరాడు. ఆ మేడలు, ఆ వైభవం చూసి, భార్య కట్టిచ్చిన అటుకుల మూటను చంకలో ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాడు. ఇక్కడ వచనం ఆగుతుంది. భాగవతార్ చిరతలు దించి, ముందు వరుసలోవాళ్లతో మాట్లాడుతున్నట్టు మొదలుపెడతాడు.

“ఆయ్, మన గోదావరి లంకలోంచి ఒకాయన సంక్రాంతి వెళ్లిన వారం కాకినాడలో వియ్యంకుడిగారి గృహప్రవేశానికి బయల్దేరాడండి. వట్టి చేతుల్తో ఎలా వెళ్తారని ఇంటావిడ తంపటి వేసిన తేగలు తువ్వాల్లో మూట కట్టిచ్చింది. తీరా వెళ్లి చూస్తే అక్కడ వెండి గిన్నెలు, స్వీటు బాక్సులు! ఈయన మూటని మెల్లగా కాలితో కుర్చీ కిందకి తోశాడండి. వియ్యంకుడిగారి అమ్మగారికి చూపు ఆనదు. ముక్కు మాత్రం బ్రహ్మాండం. ‘ఒరేయ్, ఎవర్రా తేగలు తెచ్చిందీ?’ అనుకుంటూ కుర్చీ కుర్చీ వెతుక్కుంటూ వచ్చి, ఈయన కాళ్ల దగ్గర కూర్చుని, మూట లాగేసిందండి!”

జనం నవ్వుతారు. నవ్వు పూర్తిగా తగ్గకముందే చిరతలు మోగుతాయి. “అక్కడ కృష్ణుడు కూడా లాగేశాడు!” అంటూ భాగవతార్ కీర్తన అందుకుంటాడు.

ఇందులో పక్కకు తిరిగిన మాట ‘మూట’, కలిసిన మాట ‘లాగేయడం’. ముసలమ్మగారు తేగల కోసం ఆశగా వెతుక్కోవడం చూశాక, కృష్ణుడు అటుకులు లాక్కోవడం మనకు పురాణంలా అనిపించదు. తెచ్చినవాడి సిగ్గు, తినేవారి ఆత్రం రెండూ మన పక్కింట్లో జరిగినట్టే ఉంటాయి. పిట్టకథ పని ఇదే. నవ్వించి వదిలేస్తే అది జోకు. నవ్వించి, వదిలిన చోటుకే మనల్ని ఇంకాస్త మెత్తగా చేసి తీసుకొస్తే పిట్టకథ.

ఇక పందిట్లో కూర్చున్నప్పుడు చెవి ఎక్కడ పెట్టాలి? ముందు గొంతు స్థాయి చూడండి. వచనంలో పుస్తకాల భాష, సమాసాలు దొర్లుతుంటాయి. పిట్టకథ దగ్గర గొంతు దిగి, ‘అండీ’లు, ‘ఆయ్’లు వచ్చేస్తాయి. యాస మారిందంటే దారి మళ్లిందన్నమాట. ఆ క్షణంలో చివరగా విన్న మాటను మనసులో పట్టుకోండి. రెండోది శ్రుతి, అంటే వెనక ఒకే స్వరంలో మోగుతుండే నాదం. ముచ్చట ఎంతసేపు సాగినా వెనక శ్రుతి ఆగదు. మనం మరిచిపోతాం, భాగవతార్ మరిచిపోడు. మాట్లాడుతూ మాట్లాడుతూ చివరి వాక్యంలో గొంతును ఆ శ్రుతిలోకి జార్చి, అక్కడినుంచే పాట ఎత్తుకుంటాడు. మంచి భాగవతార్ దగ్గర మాట ఎక్కడ పాటగా మారిందో గీత గీయలేం. వినగా వినగా ఆ జారుడు ముందే తెలుస్తుంది. ఆ ఆనందం నేను మాటల్లో చెప్పలేను, మీరే వినాలి.

మృదంగం వాయించేవారిని కూడా ఒక కంట కనిపెట్టండి. నవ్వు రాబోయే చోట ఆయన చేయి ముందే సిద్ధమవుతుంది.

లౌడ్‌స్పీకర్ పక్కన కూర్చోవద్దు. భాగవతార్ ముఖం, గజ్జెలు కట్టిన కాళ్లు రెండూ కనబడే చోటు చూసుకోండి. వీలైతే కథకు అరగంట ముందే వెళ్లండి. కథ చెప్పేవాళ్లు కమిటీవాళ్లతో టీ తాగుతూ ఊరి సంగతులు అడుగుతుంటారు: ఈ ఏడు కొబ్బరి దింపు ఎలా ఉంది, కాలవకు నీళ్లు ఎప్పుడొదిలారు, రొయ్యల చెరువులు ఎంతవరకు వచ్చాయి. కుశలప్రశ్నల్లా ఉంటాయి. అందులో ఒకటి ఆ రాత్రి సీతమ్మవారి వనవాసంలో తేలుతుంది. పెద్దకథ గురువుగారిది కావచ్చు, పాతవాళ్లది కావచ్చు. పిట్టకథ చాలామటుకు చెప్పేవాళ్ల సొంత సరుకు. అందుకే అదే కథ అమలాపురంలో ఒకలా, భీమవరంలో ఒకలా ఉంటుంది.

బుర్రకథ విన్నవాళ్లకు ఒక సందేహం రావచ్చు. అక్కడా నవ్వు ఉంది కదా? ఉంది, కానీ ఏర్పాటు వేరు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు, అంటే వంత పాడేవాళ్లు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు గంభీరంగా ఉండిపోవచ్చు, నవ్వించే పని పక్కవాళ్లది. హరికథలో పక్కన వాద్యాలే తప్ప వంతలు లేరు. ఏడిపించినవారే నవ్వించాలి, నవ్వించిన గొంతుతోనే మళ్లీ పద్యం ఎత్తాలి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తన కథలు తానే రాసుకుని, తానే పాడి, తానే ఆడారు. ఆయన విజయనగరం వైపువారు. మన గోదావరి గట్టున కపిలేశ్వరపురంలో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల ఆడపిల్లలకు ఈ విద్య నేర్పి వేదికలెక్కించింది. భాగవతారిణులు చెప్పే పిట్టకథల్లో వంటిల్లు, పుట్టిల్లు, అత్తవారిల్లు వేరే కోణంలోంచి వస్తాయి. అవకాశం దొరికితే వదులుకోవద్దు.

ఈ వారం అభ్యాసం. మీకు బాగా తెలిసిన పురాణ ఘట్టం ఒకటి తీసుకోండి: శబరి ఎదురుచూపు, గుహుడి పడవ, ఏదైనా సరే. అందులో చేత్తో పట్టుకోగలిగిన వస్తువును ఎంచుకోండి. శబరి అయితే పండు, గుహుడైతే పడవ. మీ ఊళ్లో ఆ వస్తువు చుట్టూ జరిగిన, లేదా జరగగలిగిన చిన్న సంగతి అల్లండి. రేవు దగ్గర పంటు పడవ ఎక్కేవాళ్ల తగువులు చూసినవాళ్లకు గుహుడి ఘట్టం బాగా కుదురుతుంది. ఊళ్లో బతికున్న మనిషి పేరు పెట్టొద్దు. ఒకరి కులం మీద, అంగవైకల్యం మీద నవ్వు పుట్టించొద్దు. ఆ నవ్వుతో రాముడి దగ్గరికి తిరిగి వెళ్లలేం. ముందు చివరి వాక్యం తయారుచేసుకోండి, తర్వాత మొదటిది. మధ్యలోది అప్పటికప్పుడు రానివ్వండి.

కాగితం చూసి చదవొద్దు. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని, ఆ శ్రుతి వింటూ ఇంట్లో ఎవరికైనా చెప్పండి. వాళ్లు నవ్వారా లేదా అని కాదు, నవ్వాక “అయితే గుహుడేమన్నాడు?” అని అడిగారా లేదా చూడండి. అడగకపోతే చివరి వాక్యం మార్చి మరొకరికి చెప్పండి. వచ్చే పాఠంలో పద్యం ఎత్తుకోవడం చూద్దాం. దానికి ఈ శ్రుతి అలవాటు కావాలి.