సంఘ పెద్దను గుర్తు చేసుకునే కూడిక ఎలా చేయాలి

సంఘంలో అందరికీ తండ్రిలా ఉన్న పెద్ద ప్రభువునందు నిద్రించినప్పుడు, జ్ఞాపకార్థ కూడిక చూసుకునే పని ఎవరో ఒకరి మీద పడుతుంది. మా పెద్దాయన వెళ్లిపోయినప్పుడు అది నా మీద పడింది. ఎవరికి తోచింది వాళ్లు చెప్తారులే అని మైకు అందరికీ ఇచ్చేశాను, అక్కడే పొరపాటు జరిగింది. రెండు గంటలు గడిచాయి, వచ్చినవాళ్లంతా "ప్రార్థనాపరుడు", "తగ్గింపు గల మనిషి", "తీరని లోటు" అనే చెప్పి వెళ్లారు. అన్నీ నిజమే, కానీ ఆ మాటల్లో మాకు తెలిసిన ఆయన ఎక్కడా కనిపించలేదు.

బైబిల్‌లో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో, బీదలకు మేలు చేసిన దొర్కా అనే విశ్వాసురాలు చనిపోయినప్పుడు యొప్పేలో విధవరాండ్రు ఏం చేశారో ఒకసారి చదవండి. పేతురు మేడగదిలోకి రాగానే ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు ఏడుస్తూ ఆయనకు చూపించారు. మనం చేయాల్సింది కూడా అదే, ఆయన చేతుల మీదుగా జరిగినవి చూపించడం.

అందుకే కూడికకు ముందే మనుషుల్ని కలవండి, వయసు మళ్లిన వాళ్లను అందరికంటే ముందు. "ఆయన ఎలాంటివారు?" అని అడగొద్దు, అడిగితే మళ్లీ ఆ పొగడ్త మాటలే వస్తాయి. "మీ ఇంటికి చివరిసారి ఎప్పుడొచ్చారు, ఎక్కడ కూర్చున్నారు, ఏం మాట్లాడారు?" అని అడిగి ఊరుకోండి, వాళ్లు ఆగి ఆలోచించుకుంటుంటే మధ్యలో మాట అందించకండి. మందిరం ఊడ్చేవాళ్లను, సండే స్కూల్ పిల్లల్ని, ఏదో మనస్పర్థతో సంఘం వదిలి వెళ్లిపోయిన వాళ్లను కూడా అడగండి. నాకు దొరికిన మంచి సంగతి అలా వెళ్లిపోయిన ఒకాయన దగ్గరే దొరికింది, ఆయన మానేశాక కూడా మా పెద్దాయన నెలకోసారి వాళ్లింటికి వెళ్లి, తిరిగి రమ్మని ఒక్కసారి కూడా అనకుండా పిల్లల చదువుల గురించి అడిగి వచ్చేవారట. మాకెవరికీ తెలీదు. చెప్పేవాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి, మధ్యలో కాల్ రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మొదట్లోనే వాళ్ల పేరు, తేదీ చెప్పించండి.

కూడికలో ఐదుగురు చాలు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఒకే ఒక్క సంఘటన, అది కూడా రాసుకుని రమ్మనండి. మాట్లాడుతూ ఏడుపొచ్చి ఆగిపోతామేమోనని చాలామందికి టెన్షన్ ఉంటుంది, కాబట్టి ఆ కాగితం ఇంకో కాపీ పక్కన నిలబడే మనిషి చేతిలో ఉంచితే వాళ్లు ఆగిన చోటు నుంచి అతను చదువుతాడు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. సంఘ పెద్ద దగ్గర ఎన్నో ఇళ్ల రహస్యాలు ఉంటాయి. మా పెద్దాయన బైబిల్ అంచుల్లో వచనాల పక్కన తేదీలు, పేర్లు పెన్సిల్‌తో రాసుకున్నారు, ఎవరి కోసం ఏ రోజు ప్రార్థించారో అవన్నీ. స్క్రీన్ మీద చూపిద్దామని ఆ పేజీలు ఫోటో తీశాక గానీ నాకు తట్టలేదు, అందులో ఒక కుటుంబం ఎవరికీ చెప్పుకోని కష్టం ఉందని. ఆ పేజీ తీసేశాం. ఆయన ఎవరికైనా డబ్బు సాయం చేసి ఉంటే, తీసుకున్నవాళ్లు తామే లేచి చెప్తే తప్ప ఆ పేరు మన నోట రాకూడదు.

పాత ఫోటోలు 300 డీపీఐలో (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే సెట్టింగ్) స్కాన్ చేస్తే చాలు, మరీ చిన్నవైతే 600. ఆల్బమ్‌కి అతుక్కుపోయిన వాటిని పీకొద్దు, చిరిగిపోతాయి, కిటికీ దగ్గర వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీయండి. ఫోటోలో ఎవరెవరున్నారో దాని వెనక మెత్తని పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ వాడితే అచ్చు ముందుకి తేలుతుంది. రికార్డింగులు, ఫోటోలు అన్నీ కుటుంబం దగ్గర ఒక కాపీ, సంఘం దగ్గర ఒకటి, వేరే చోట ఇంకొకటి ఉండాలి.

ఇదంతా మొదలుపెట్టే ముందే ఆయన భార్యను, పిల్లల్ని అడగండి. మనందరి ఇళ్లకూ ఆయన వచ్చిన ప్రతి సాయంత్రం వాళ్లింట్లో ఆయన లేరు కదా, అది మనం మర్చిపోతుంటాం. ఏం చెప్పాలో కాదు, ఏం చెప్పకూడదో అడగండి. మా పెద్దాయన భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, అడిగింది ఒక్కటే, ఆయన ఆసుపత్రిలో ఉన్న చివరి రోజుల ఫోటోలు వేయొద్దని.

కూడిక అయ్యాక అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడతారు, ఆ ఇంటికి వెళ్లేవాళ్లు తగ్గిపోతారు. నెల తిరిగే రోజు, ఆయన పుట్టినరోజు, వాళ్ల పెళ్లిరోజు ఇప్పుడే ఫోన్‌లో గుర్తు పెట్టుకుని ఆ రోజుల్లో వెళ్లండి. వెళ్లినప్పుడు ఆ రికార్డింగుల్లో ఒకటి అమ్మగారికి వినిపించండి. వద్దంటే ఆపేసి, కాసేపు ఊరికే కూర్చోండి.