ఎగిరే వేటపక్షిని పోల్చుకోవడం - 3వ పాఠం: రంగు సంగతి తర్వాత, ముందు తోక చూడండి

మొదటి పాఠంలో బైనాక్యులర్ గురించి, రెండో పాఠంలో ఎండ ఎక్కి నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఎందుకు ఆగాలో చెప్పుకున్నాం. సరే, ఆగారు, పక్షి వచ్చింది, నెత్తిమీద తిరుగుతోంది. ఇప్పుడు ఏం చూస్తారు?

రంగు చూస్తారు. నాకు తెలుసు, ఎందుకంటే నేనూ చాలాకాలం అదే చేశాను. గోధుమ రంగా, ముదురు గోధుమ రంగా అని తేల్చుకునేలోపు అది చెట్ల వెనక్కి వెళ్లిపోయేది. వెలుతురు నిండిన ఆకాశం ముందు ఏ పక్షి కడుపైనా నల్లగానే కనిపిస్తుంది. పైగా పిల్లపక్షికి ఒక రంగు, ఎదిగినదానికి ఇంకో రంగు. సైజు అయితే ఇంకా మోసం. పైన పక్కన పెట్టి కొలవడానికి ఏమీ ఉండదు, దానికి తోడు వేటపక్షుల్లో చాలావాటిలో మగదానికంటే ఆడదే పెద్దది.

అందుకే తోకతో మొదలుపెట్టండి.

నల్ల గద్ద తోక చివర లోపలికి చీలి ఉంటుంది. ఆ తోకను అది చుక్కానిలా అటూ ఇటూ మెలితిప్పుతూనే ఉంటుంది, ఒక్క నిమిషం చూస్తే మీకే తెలిసిపోతుంది. అయితే ఒక చిక్కు ఉంది: మలుపు తిరిగేటప్పుడు తోకను విసనకర్రలా విప్పుతుంది, అప్పుడు చీలిక మాయమై అంచు తిన్నగా కనిపిస్తుంది. కాబట్టి ఒక్కసారి చూసి తీర్పు చెప్పొద్దు, తోక ముడిచేదాకా ఆగండి. గరుడపక్షి తోక అంచు గుండ్రం. ఎదిగిన గరుడపక్షిని తెల్లటి తల, ఇటుక రంగు ఒళ్లు చూసి ఎవరైనా చెప్తారు. దాని పిల్ల మాత్రం ఒళ్లంతా గోధుమ రంగులో ఉండి నల్ల గద్దలాగే కనిపిస్తుంది. ఒకసారి అలాంటి పిల్లను చూసి ఏదో అరుదైన పక్షి దొరికిందని గంటసేపు టెన్షన్ పడుతూ దాని వెంట తిరిగాను, ఫొటోలో గుండ్రటి తోక చూసుకున్నాక గానీ అసలు విషయం తెలియలేదు.

తోక తర్వాత రెక్క. కొస ఎలా ఉందన్నదే ముఖ్యం. కొస సూదిగా ఉండి, రెక్క మొత్తం కొడవలిలా వంగి ఉంటే అది ఫాల్కన్ జాతి అనుకోవచ్చు. పైనుంచి వేట మీదకు దూకేటప్పుడు గంటకు 300 కిలోమీటర్లు దాటే పెరిగ్రిన్ ఫాల్కన్ ఈ జాతిదే. రెక్క పొట్టిగా, గుండ్రంగా, తోక మాత్రం పొడుగ్గా ఉంటే షిక్రా లాంటి డేగ. చెట్ల సందుల్లోంచి దూరి వేటాడే పక్షికి పొడుగు రెక్కలు అడ్డమే కదా, చటుక్కున మలుపు తిరగడానికి మాత్రం పొడుగు తోక కావాలి. రాబందులకు, పెద్ద గద్దలకు రెక్కలు వెడల్పుగా, కొసన ఈకలు చేతివేళ్లలా విడివిడిగా ఉంటాయి. వాటిలో తల చిన్నగా, తోక పొట్టిగా, రెక్కలే పక్షి మొత్తం అన్నట్టు ఉంటే ముందు రాబందును అనుమానించండి.

మూడోది ఎగిరే తీరు, నన్నడిగితే అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. నాలుగైదు సార్లు గబగబా రెక్కలాడించి, కాసేపు జారి, మళ్లీ ఆడిస్తే డేగ. పొలాల మీద బాగా తక్కువ ఎత్తులో, రెక్కలు పైకెత్తి పట్టుకుని, కాస్త ఊగుతూ వెతుక్కుంటూ పోతే హారియర్. గాల్లో ఒకే చోట నిలబడి రెక్కలాడిస్తోందా? కెస్ట్రెల్ (ఫాల్కన్ జాతిలోనే ఒక చిన్న పక్షి) అని రాసేయకండి, తొందరపడితే ఇక్కడే పప్పులో కాలేస్తారు. నల్ల భుజాలున్న తెల్లటి చిన్న గద్ద కూడా అలాగే నిలబడుతుంది, నీళ్ల మీదైతే చేపలు పట్టే ఆస్ప్రే నిలబడుతుంది, పాములు తినే పొట్టివేళ్ల గద్దకు కూడా ఆ అలవాటుంది. అప్పుడు మళ్లీ రెక్క కొస దగ్గరికే రావాలి.

ఇంకో మోసగాడు ఉన్నాడు, వాడు వేటపక్షే కాదు. డేగ కోకిల రంగులోనూ ఎగిరే తీరులోనూ అచ్చం షిక్రాలా ఉంటుంది. కొమ్మ మీద వాలాక ముక్కు చూడండి, డేగకైతే కొక్కెంలా కిందికి వంగి ఉంటుంది, దీనికి ఆ వంపు ఉండదు.

ఈ వారం పని: కొత్త పక్షి కోసం తిరగొద్దు. మీకు బాగా తెలిసిన నల్ల గద్దనే పట్టుకుని రోజూ పది నిమిషాలు చూడండి. తోక ముడిచినప్పుడు, విప్పినప్పుడు, ఎదురుగా వస్తున్నప్పుడు, పక్కకు వాలినప్పుడు ఎలా ఉందో నాలుగు గీతల్లో గీసుకోండి, బొమ్మ బాగా రావాల్సిన పనేం లేదు, నావైతే చేపల్లా ఉంటాయి. రెక్కల్లో ఎక్కడైనా ఖాళీలు కనిపిస్తే అదీ గీయండి, పాత ఈకలు రాలి కొత్తవి వస్తున్నాయన్నమాట. వచ్చే పాఠంలో కొమ్మ మీద వాలిన పక్షిని చూద్దాం, అక్కడ మాత్రం రంగు పనికొస్తుంది, ముఖ్యంగా ఛాతీ మీద చారలు నిలువుగా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా అన్నది.