మనసు బాగోనప్పుడు బెంగళూరులో రోజును మళ్లీ గాడిలో పెట్టుకోవడం ఎలా?

నిద్ర పట్టదు. పట్టినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఆఫీసు పేరెత్తితే కడుపులో తిప్పుతుంది. ఊరి నుంచి ఫోన్ వస్తే ఎత్తబుద్ధి కాదు. మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో, అద్దె ఇళ్లలో ఇలాంటి రాత్రులు గడుపుతున్న తెలుగువాళ్లు నాకు చాలామందే తెలుసు. నాలుగేళ్ల కిందట నాదీ అదే పరిస్థితి. హిందూపురం నుంచి అమ్మ రోజూ ఫోన్ చేసి, “పాపా, రాత్రి నిద్ర పట్టిందా?” అని ఒక్కటే అడిగేది. నా జబ్బు డిప్రెషన్. అందులో అసలు అడగాల్సిన ప్రశ్న అదేనని నాకు తర్వాత అర్థమైంది.

మందుల జోలికి పోకుండా సహజంగా బాగుపడొచ్చా అని నన్ను చాలామంది అడుగుతారు. నడక, నిద్ర, తిండి, శ్వాస, మనిషి తోడు నిజంగానే పనిచేస్తాయి. సమస్య తేలికగా ఉన్నప్పుడు కొందరికి ఇవీ, కౌన్సెలింగూ సరిపోతాయి కూడా. జబ్బు ముదిరినప్పుడు మాత్రం వీటిని వైద్యంతో పాటే చేయాలి, వైద్యం మానేసి కాదు. నాకు పనికొచ్చిన వరుసలోనే చెబుతాను.

1. ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోండి

థైరాయిడ్ హార్మోన్ తగ్గినా, ఒంట్లో రక్తం తక్కువైనా, బి12 విటమిన్ లోపించినా నీరసం, దిగులు, మతిమరుపు రావచ్చు. శాకాహారుల్లో బి12 లోపం ఎక్కువ. ఈ మూడూ మామూలు రక్త పరీక్షల్లో తేలిపోతాయి. అవి చేయించకుండా నెలల తరబడి ధ్యానం చేస్తూ కూర్చుంటే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

మనసుకు సంబంధించిన వైద్యానికి బెంగళూరులో హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ ఉంది. 1974లో ఈ రూపంలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ అది. సైకియాట్రీతో పాటు యోగా, ఆయుర్వేదం చూసే విభాగం కూడా అదే ఆవరణలో ఉంది. సహజ పద్ధతుల మీద నమ్మకం ఉన్నవాళ్లు అక్కడ అడిగితే, రెండు వైపుల వాళ్లూ మీ జబ్బు గురించి తెలిసే సలహా ఇస్తారు. ఉదయాన్నే వెళ్లండి, క్యూ ఉంటుంది. అక్కడిదాకా వెళ్లడానికి ధైర్యం చాలకపోతే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఉచిత సేవ ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్రలేకపోయినా అలుపు లేకుండా హుషారుగా తిరుగుతున్నా కింద చెప్పేవన్నీ పక్కన పెట్టండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, ఒంటరిగా వెళ్లకండి. నిమ్హాన్స్‌లో ఎమర్జెన్సీ 24 గంటలూ తెరిచే ఉంటుంది.

2. లేచే టైము ఒక్కటే పట్టుకోండి

ఎన్నింటికి పడుకోవాలన్నది మన చేతిలో ఉండదు. నిద్ర రమ్మంటే రాదు కదా. లేవడం మాత్రం కొంతవరకు మన చేతిలోదే. రాత్రి ఎలా గడిచినా, ఆదివారమైనా అదే టైముకు లేవండి. పగలు పడుకోవాలనిపిస్తే అరగంటకు మించవద్దు. రెండు మూడు వారాలకు రాత్రి నిద్ర మెల్లగా దారికొస్తుంది. అమెరికా షిఫ్టుల వాళ్లకు ఇది కష్టమే. అయినా సెలవు రోజున పూర్తిగా తలకిందులు చేసుకోకుండా, పడుకునే గదికి మందపాటి కర్టెన్ వేసుకుంటే చాలా తేడా ఉంటుంది.

కాఫీ సంగతి ఇక్కడే చెప్పాలి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి దర్శినిలో, అంటే ఇక్కడి చిన్న హోటల్లో, నిలబడి తాగిన ఫిల్టర్ కాఫీ రాత్రి పదకొండుకు కూడా సగం మీలోనే ఉంటుందన్నమాట. మధ్యాహ్నం దాటాక మానేయండి. నిద్ర కోసమని పెగ్గు వేసేవాళ్లూ ఉన్నారు. మద్యం తాగితే నిద్ర తొందరగా పడుతుంది గానీ నడిరాత్రి చెడుతుంది, మర్నాడు దిగులు ఇంకా పెరుగుతుంది.

3. పొద్దున వెలుతురులోకి వెళ్లండి

అన్నింటిలో నాకు ఎక్కువ మేలు చేసింది ఇదే. ఉదయపు వెలుతురు కళ్లకు సోకితే ఒంట్లో ఉన్న గడియారానికి పగలు మొదలైందని తెలుస్తుంది. రాత్రి నిద్రకు అక్కడే పునాది పడుతుంది. దానికి నడక తోడైతే మరీ మంచిది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట.

నేను మొదటి రోజు అరగంట నడవలేదు. పీజీ గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. రెండో రోజు వీధి చివర కొబ్బరిబోండాల బండి దాకా. పది రోజులకు మెట్రో ఎక్కి లాల్‌బాగ్ వెళ్లాను. లోపల కెంపేగౌడ గోపురం ఉన్న పెద్ద బండ చూసే ఉంటారు. సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అది. దాని మీద కూర్చుని అరచేయి ఆనించాను. రాత్రి చలి ఇంకా రాతిలోనే ఉంది, గరుకుగా తగిలింది. మా వైపు గుట్టలు ఇలాగే ఉంటాయి. నా పక్కనే ఒక పెద్దాయన చెప్పులు విప్పి, కాళ్లు చాపుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. నెలల తర్వాత ఆ రోజే నాకు ఆకలేసింది.

మనసు వచ్చాక వెళ్దాంలే అనుకుంటే డిప్రెషన్‌లో ఆ మనసు రాదు. ముందు కాళ్లు కదలాలి. చెప్పులు వేసుకోవడం వరకే ఈరోజు పని అనుకోండి.

4. శ్వాస

కూర్చుని నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం తగ్గుతుంది. మీటింగుకు ముందు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డప్పుడు ఇది వెంటనే ఉపయోగపడుతుంది. తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే భ్రామరి కూడా ఇలాంటిదే. గుండె దడ, పానిక్ వచ్చేవాళ్లు కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైన ప్రాణాయామాలు సొంతంగా మొదలుపెట్టకూడదు. బైపోలార్ (దిగులు, అతి హుషారు మారిమారి వచ్చే జబ్బు), స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం లాంటివి ఉండే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా పది రోజుల మౌన ధ్యాన శిబిరాలకు వెళ్లవద్దు.

5. తిండి

ఇందులో పెద్ద రహస్యం లేదు. వేళకు తినండి. పీజీలో పప్పు నీళ్లలా ఉంటే ఒక గుడ్డో, పెరుగో, గుప్పెడు పల్లీలో కలుపుకోండి. రాగిముద్ద మనకు కొత్త కాదు, ఇక్కడ ఎక్కడైనా దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో 67 మంది డిప్రెషన్ రోగులతో చేసిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. 12 వారాలు కూరగాయలు, పప్పులు, పండ్లతో కూడిన మంచి తిండి తిన్న జట్టులో దాదాపు మూడోవంతు మందికి జబ్బు లక్షణాలు తగ్గిపోయాయి. ఆ తిండి పద్ధతి చెప్పని రెండో జట్టులో నూటికి ఎనిమిది మందికే తగ్గాయి. అధ్యయనం చిన్నదే. పైగా వాళ్లలో ఎక్కువమంది మందులో, కౌన్సెలింగో తీసుకుంటూనే ఉన్నారు.

6. మాత్రలు, చూర్ణాలు

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. డిప్రెషన్ మాత్రలు పనిచేయడం మొదలవడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాకూ నెల దాటాక బాగనిపించింది. అంతలో తెలిసినవాళ్లు ఒక దుకాణం చెప్పారు. “ఇంగ్లీషు మందులు అలవాటైపోతాయమ్మా, ఈ చూర్ణం వేసుకో” అన్నాడు అక్కడి మనిషి. అదే రోజు మాత్రలు ఆపేశాను. మూడో రోజుకే తల తిరగడం, తల పక్కకి తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం మొదలయ్యాయి. వారం తిరిగేసరికి మళ్లీ మూడింటి మెలకువలు. డాక్టరు కోప్పడలేదు. “ఆపాలనుకుంటే చెప్పండి, మెల్లగా తగ్గిద్దాం. ఒక్కసారిగా ఆపితే ఇలాగే ఉంటుంది” అన్నారు. తర్వాత నిజంగానే నెలల పాటు కొంచెం కొంచెంగా తగ్గించి ఆపించారు.

మూలికలు కదా, ఏమీ కావు అనుకోకండి. అశ్వగంధ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీసింది. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్లు అడిగి వాడాలి. ఆన్‌లైన్‌లో దొరికే సెయింట్ జాన్స్ వార్ట్ అనే మూలికను డిప్రెషన్ మాత్రలతో కలిపితే ప్రమాదం. బైపోలార్‌కు ఇచ్చే లిథియం మాత్రలు వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా కటిక ఉపవాసం ఉండటం, ఉప్పు మానేయడం చేయకూడదు. రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. వాడేవన్నీ, చూర్ణాలతో సహా, డాక్టరు ముందు బల్ల మీద పెట్టండి.

7. ఒక్క మనిషికి చెప్పండి, ఒక కాగితం రాయండి

అందరికీ చెప్పక్కర్లేదు. రూమ్మేటో, అక్కో, ఒక్కరు చాలు. “నాకు సలహాలు వద్దు, సాయంత్రం ఓ పావుగంట నాతో నడువు” అని అడగండి. ఏం చేయాలో తెలియకే చాలామంది దూరంగా ఉంటారు.

కాస్త కుదుటపడ్డాక, గుర్తుండగానే ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. పోయినసారి మొదట ఏం చెడింది, అప్పుడు ఏది పనిచేసింది, ఎవరికి ఫోన్ చేయాలి. నాది బీరువా తలుపు లోపల అంటించి ఉంది. మొదటి వరుసలో “వరసగా మూడు రాత్రులు మూడింటికి మెలకువ” అని రాసుకున్నాను. రెండో వరుసలో లాల్‌బాగ్, కాఫీ బంద్. మూడో వరుసలో డాక్టరు నంబరు, దాని కింద అమ్మ నంబరు.